బ్లాక్ మౌంటెన్ కాలేజి: యజమాని లేని బడి

అమెరికన్ కళాచరిత్రలు బ్లాక్ మౌంటెన్ కాలేజి పేరు రాగానే ఒక జాబితా చదువుతాయి. చిత్రకారులు రాబర్ట్ రౌషెన్‌బర్గ్, సై ట్వాంబ్లీ అక్కడ చదువుకున్నారు. సంగీతకారుడు జాన్ కేజ్, నర్తకుడు మెర్స్ కనింగ్‌హామ్ అక్కడ పాఠాలు చెప్పారు. బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ తన గుమ్మటాన్ని అక్కడ నిలబెట్టబోయాడు. చార్లెస్ ఒల్సన్, రాబర్ట్ క్రీలీ అక్కడినుంచి ఒక కవిత్వ ధోరణిని నడిపారు. 1933 నుంచి 1957 దాకా ఇరవైనాలుగేళ్ళు బతికి, మొత్తంమీద పన్నెండువందల మందికి మించి విద్యార్థులను చూడని ఒక కొండప్రాంతపు బడి ఇంతమందిని ఎలా తయారుచేసిందని ఆశ్చర్యపడి, అదంతా ప్రతిభామహిమ అని తేల్చి చరిత్రకారులు ముందుకు సాగిపోతారు. మనవైపు విమర్శకులు చేసే తొందరపాటు ఇంకొకటి. కేజ్ నిశ్శబ్ద సంగీతమూ, రౌషెన్‌బర్గ్ తెల్ల కాన్వాసులూ చూసి ఇదంతా రూపవాదం, బూర్జువా సంస్కృతి అలసటకు గుర్తు అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

ఈ రెండు పద్ధతుల్లోనూ ఒకే లోపం ఉన్నదని నా అభిప్రాయం. గోడమీది బొమ్మను చూస్తారు కాని గోడ ఎవరిదని అడగరు. ఆ బడి ఎవరి సొత్తు? జీతాలు ఎక్కడినుంచి వచ్చాయి? అంట్లు ఎవరు తోమారు? లోపలికి ఎవరిని రానిచ్చారు, ఎవరిని బయట నిలబెట్టారు? చాలా ఏళ్ళుగా బడిపంతులుగా బతుకుతున్నవాణ్ణి కాబట్టి నాకు ముందుగా తోచేవి ఈ ప్రశ్నలే. వీటితో చదివితే ఆ కాలేజి సాధించినదీ, సాధించలేకపోయినదీ రెండూ ఇంకో చోట కనిపిస్తాయి.

ఆ బడి పుట్టుక ఒక ఉద్యోగం ఊడబెరకడంతో మొదలైంది. ఫ్లారిడా రాష్ట్రంలో రాలిన్స్ కాలేజి అని ఉంది. అక్కడ గ్రీకు, లాటిన్ చెప్పే జాన్ ఆండ్రూ రైస్‌ను కాలేజి అధ్యక్షుడు హామిల్టన్ హోల్ట్ 1933లో తొలగించాడు. రైస్ నోరు మంచిది కాదు. ఎవరినీ ఉపేక్షించేవాడు కాదు. కాని అసలు తగాదా నోటి గురించి కాదు. పాఠం ఎంతసేపు, ఎలా చెప్పాలో నిర్ణయించే అధికారం అధ్యాపకులదా, అధ్యక్షుడిదా అన్నదే అక్కడి పేచీ. అమెరికన్ ప్రొఫెసర్ల సంఘం విచారణ జరిపి కాలేజి వైఖరిని తప్పుపట్టింది. అయినా రైస్‌కు ఉద్యోగం తిరిగి రాలేదు. ఆయన పక్షాన నిలబడిన మరికొందరు అధ్యాపకులూ బయటికి రావలసి వచ్చింది. కొందరు విద్యార్థులు వాళ్ళ వెంట నడిచారు. అది ఆర్థికమాంద్యం బాగా ముదిరిన సంవత్సరం. వీళ్ళకు భూమి లేదు, భవనం లేదు. ఉత్తర కరొలైనాలో బ్లాక్ మౌంటెన్ అనే చిన్న ఊరి దగ్గర వై.ఎం.సి.ఎ. వారి వేసవి సభాభవనం ఏడాదిలో ఎక్కువ భాగం ఖాళీగా ఉంటుందని తెలిసి దాన్ని అద్దెకు తీసుకున్నారు. ఆ సెప్టెంబరులో ఇరవైమందికి కాస్త అటూ ఇటూ విద్యార్థులతో తరగతులు మొదలయ్యాయి. వేసవి రాగానే ఇల్లు గలవాళ్ళు వస్తారు. బల్లలూ పుస్తకాలూ అన్నీ సర్దేసి అటక ఎక్కించి కాలేజి ఖాళీ చెయ్యాలి. అద్దె కొంపల్లో బళ్ళు నడిపిన వాళ్ళకు ఈ అవస్థ వేరే చెప్పనక్కరలేదు.

రాలిన్స్‌లో తగిలిన దెబ్బ రైస్‌కూ ఆయన సహచరులకూ ఒక పాఠం నేర్పింది. ధర్మకర్తల మండలి ఉన్నంతకాలం అధ్యాపకుడు కూలివాడే. అందుచేత ఈ కాలేజికి బయటి ధర్మకర్తలు లేరు. కాలేజి అధ్యాపకులదే. వాళ్ళలోంచి వాళ్ళే ఎన్నుకున్న చిన్న బోర్డు పాలన చూసేది. అందులో విద్యార్థుల ప్రతినిధికీ చోటుండేది. పెద్దను రెక్టర్ అనేవారు. తప్పనిసరి కోర్సులు లేవు. ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు ఎప్పుడు వెళ్ళాలన్నది విద్యార్థీ గురువులూ కలిసి ఆలోచించుకోవాలి. చదువు పూర్తయిందనుకున్న వాడిని బయటినుంచి పిలిపించిన పండితుడు పరీక్షించేవాడు. ఆ పరీక్ష దాకా వెళ్ళినవాళ్ళు చాలా తక్కువ. కాలేజి ఇచ్చే పట్టాకు ప్రభుత్వపరమైన గుర్తింపు కూడా లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. రైస్ దాన్ని కళల బడిగా పెట్టలేదు. చిత్రలేఖనం, సంగీతం, నాటకం చదువుకు నడుమ ఉండాలన్నాడు, నిజమే. చిత్రకారులను తయారుచేయడం మాత్రం ఆయన ఉద్దేశం కాదు. విన్నది అప్పగించేవాడి కంటే, ఏం చెయ్యాలో తాను నిర్ణయించుకుని దాని ఫలితాన్ని తాను భరించేవాడు ప్రజాస్వామ్యానికి పనికొస్తాడనీ, ఆ అలవాటు చేతిపనిలోనే అబ్బుతుందనీ ఆయన నమ్మకం. జాన్ డ్యూయీ విద్యాసిద్ధాంతం దీనికి దగ్గరగా ఉంటుంది. డ్యూయీ స్వయంగా వచ్చి చూసి వెళ్ళాడు కూడా. గణితం, రసాయనశాస్త్రం, సాహిత్యం అన్నీ అక్కడ చెప్పేవారు. దాన్ని ఆర్ట్ స్కూలుగా తర్వాతి కాలపు కీర్తి మార్చింది.

చిత్రలేఖనం చెప్పడానికి మనిషి కావలసివచ్చిన సమయానికే జర్మనీలో ఇంకో బడి మూతపడింది. నాజీల ఒత్తిడికి బౌహౌస్ 1933లో తలుపులు మూసుకుంది. అక్కడ చెబుతూ వచ్చిన జోసెఫ్ ఆల్బర్స్‌కు పని పోయింది. ఆయన భార్య ఆనీ ఆల్బర్స్ యూదు కుటుంబంలో పుట్టిన మనిషి. న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియంలో పనిచేస్తున్న ఫిలిప్ జాన్సన్ సిఫారసు చేయగా ఆ నవంబరులో దంపతులిద్దరూ కొండకు చేరారు. ఆల్బర్స్‌కు ఇంగ్లీషు దాదాపు రాదు. నీవేం నేర్పుతావని అడిగితే కళ్ళు తెరిపిస్తానన్న అర్థం వచ్చేలా నాలుగు ముక్కలు కూడగట్టి చెప్పాడట.

ఆల్బర్స్ గురించి కొంచెం నిలబడి మాట్లాడాలి. ఇళ్ళకు రంగులు వేసే పనివాడి కొడుకు ఆయన. బౌహౌస్‌కు వెళ్ళకముందు చాలా ఏళ్ళు ప్రాథమిక పాఠశాలలో పంతులు. ఆయన తరగతి ఆ రెంటి కలయిక. ఒక కాగితం ఇస్తాడు. జిగురు లేదు, సూది లేదు. మడతలతోనే ఆ కాగితాన్ని బరువు మోసేలా నిలబెట్టమంటాడు. మరోరోజు ఆకులు, గుడ్డుపెంకులు, ఇసుక, గుడ్డపీలికలు తెమ్మంటాడు. వీటిలో ఏది దేని పక్కన పెడితే ఏది గరుకుగా, ఏది నునుపుగా కనిపిస్తుందో చూడమంటాడు. ఇంకోరోజు ఒకే రంగుకాగితం ముక్కలు రెండు తీసుకుని, వేరు వేరు నేపథ్యాల మీద పెట్టి, చూసేవాడు అవి రెండు రంగులని ప్రమాణం చేసేలా చెయ్యాలంటాడు. ఈ చివరి అభ్యాసాలనే ఆయన 1963లో రంగుల పరస్పర ప్రభావం గురించి పుస్తకంగా వేశాడు. అందులోని సారం ఒక్కటే: రంగు ఒంటరిగా ఏమీ కాదు, పక్కనున్నదాన్ని బట్టే దాని ఉనికి. గతితర్కం చదువుకున్నవాళ్ళకు ఇది వింతమాట కాకూడదు.

వస్తువు గొప్పదా, శిల్పం గొప్పదా అన్న వాదం మన విమర్శలో ఎన్నేళ్ళనుంచో నలుగుతూనే ఉంది. శిల్పమంటే మనలో చాలామందికి వస్తువు మీద కప్పే జరీశాలువ. కావలిస్తే కప్పుకోవచ్చు, లేకపోయినా ఒళ్ళు కప్పే ఉంటుంది. ఆల్బర్స్ తరగతిలో రూపమనేది అలంకారం కాదు, శ్రమ. కాగితానికి ఒక స్వభావం ఉంది, అది ఎక్కడ వంగుతుందో ఎక్కడ చిరుగుతుందో తెలుసుకుంటే కాని పని జరగదు. వడ్రంగికీ కుమ్మరికీ ఈ సంగతి పుట్టుకతో తెలుసు. కవులకే ఎవరైనా చెప్పాలి.

ఆనీ ఆల్బర్స్ మగ్గం సంగతి కూడా ఇటువంటిదే. బౌహౌస్‌లో ఆడపిల్లలను నేతపనివైపు తోసేవారు. ఆమె కూడా అలా తోయబడిందే. తర్వాత దాన్ని విడిచిపెట్టలేదు. నేతను చిన్నచూపు చూసినవాళ్ళకు దాని నిర్మాణంలోని ఆలోచన చూపించింది. 1940 ప్రాంతంలో అలెగ్జాండర్ రీడ్ అనే విద్యార్థితో కలిసి వాషర్లు, పేపరు క్లిప్పులు, సింకు జల్లెడ వంటి ఇనుపకొట్టు సరుకుతో నగలు చేసింది. బంగారం వల్ల నగకు విలువ వస్తుందా, చేతివల్ల వస్తుందా అన్న ప్రశ్నను ఉపన్యాసం ఇవ్వకుండా మెడలో వేసి చూపించడం ఇది. 1949లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం ఆమె పనితో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. ఒక నేతకళాకారిణికి ఒంటిగా అక్కడ ప్రదర్శన దక్కడం అదే మొదలు.

ఇక డబ్బు. యజమాని లేకపోవడమంటే అప్పులకు కూడా మనమే యజమానులమని అర్థం. అధ్యాపకులకు భోజనం, వసతి, చేతిఖర్చుకు ఏదో కొంత, అంతే. హిల్బర్ట్ ప్రసిద్ధ గణిత సమస్యల్లో మూడోదాన్ని 1900లోనే సాధించిన మాక్స్ డేన్, నాజీలు వెళ్ళగొట్టగా దేశాలు తిరిగి 1945లో ఇక్కడికి వచ్చాడు. నెలకు నలభై డాలర్ల మీద బేరం కుదిరింది. అంతటి గణితవేత్త 1952లో చనిపోయేదాకా అక్కడే ఉండి, ఆ ఆవరణలోని అడవిలోనే సమాధి అయ్యాడు. ఇక్కడ ఉదాత్తత ఉంది, కాదనను. కాని నాజీలు తరిమిన విద్వాంసులు చవకగా దొరికారన్నది కూడా అంతే నిజం. కాలేజి మేధాసంపదలో పెద్దభాగం యూరపు విధ్వంసం నుంచి వచ్చి పడింది.

విద్యార్థులూ అధ్యాపకులూ కలిసి పొలం పని చేసేవారు, పశువులను చూసేవారు, బొగ్గు మోసేవారు, గిన్నెలు కడిగేవారు. 1937లో దగ్గర్లోని లేక్ ఈడెన్ అనే సరస్సు పక్క స్థలం కొన్నారు. దానికి గ్రోపియస్, బ్రాయర్‌లు వేసిన ప్లాను ఎంతో బాగుంది, కాలేజి స్తోమతకు మించి ఉంది. లారెన్స్ కోచర్ అనే వాస్తుశిల్పి అనుభవం లేని చేతులతోనే కట్టగలిగినంత తేలికైన ప్లాను వేశాడు. ఆ పొడవాటి 'స్టడీస్ బిల్డింగ్'ను 1940–41లో పిల్లలూ పంతుళ్ళూ కలిసి చాలావరకు తామే కట్టుకున్నారు. ప్రతివాడికీ అందులో తన చదువు గది. 1941లో కాలేజి అక్కడికి మారింది.

శ్రమను ఇంత గౌరవించిన ఆ సమాజంలో వంటింట్లో జీతానికి వంట చేసినవాళ్ళు నల్లజాతివాళ్ళు. గిన్నెలు కడగడం విద్య, వంట చెయ్యడం నౌకరీ. ఈ తేడా ఆ రోజుల్లో చాలామందికి కనిపించినట్టు లేదు.

అది ఉత్తర కరొలైనా. రైలుపెట్టె, బడి, ఆస్పత్రి, మంచినీళ్ళ కుళాయి, అన్నిటా తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ వేరు. కాలేజి తొలి ఎనిమిదేళ్ళు నడిచిన అద్దె భవనం పేరే రాబర్ట్ ఇ. లీ హాల్, బానిసత్వం కోసం యుద్ధం చేసిన రాష్ట్రాల సేనాని పేరు అది. రైస్ కూడా దక్షిణాదివాడే. వర్ణవివక్షకు పేరుమోసిన సెనేటరు 'కాటన్ ఎడ్' స్మిత్ ఆయనకు స్వయానా మేనమామ. ప్రజాస్వామ్యం గురించి అంత మాట్లాడిన కాలేజి మొదటి పదేళ్ళూ ఒక్క నల్లజాతి విద్యార్థిని చేర్చుకోలేదు.

రైస్ 1940లో కాలేజికి దూరమయ్యాడు. ఆయన నోటిదురుసు, ఆయన వ్యక్తిగత జీవితంలోని గొడవలు, తాను పెట్టిన ప్రజాస్వామ్యమే తనను బయటికి పంపడం, ఇదంతా వేరే కథ. తర్వాత యుద్ధకాలంలో మగపిల్లలు సైన్యానికి వెళ్ళిపోయారు. కాలేజిలో ఆడపిల్లలూ, శరణార్థి అధ్యాపకులూ, కొందరు వామపక్ష అభిమానులూ మిగిలారు. ఈ దశలోనే 1944లో నల్లజాతి విద్యార్థుల ప్రవేశం మీద అసలు చర్చ వచ్చింది. బ్రెఖ్ట్‌ను ఇంగ్లీషులోకి తెచ్చినవాడిగా తర్వాత పేరు పొందిన ఎరిక్ బెంట్లీ, జార్జియా నుంచి వచ్చి రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో పనిచేసిన క్లార్క్ ఫోర్‌మన్ తలుపులు వెంటనే తెరవాలన్న పక్షం. ఎదుటి పక్షం వాదనలు తెలిసినవే. ఇంకా సమయం రాలేదు, చుట్టుపక్కలవాళ్ళు ఊరుకోరు, భవనాలు తగలబెడతారు, దాతలు చెయ్యి తీసేస్తారు, ఒక్క మంచిపని కోసం ఉన్న బడే పోతుంది. మన హాస్టళ్ళ చరిత్ర, మన సహపంక్తి భోజనాల చరిత్ర తెలిసినవాళ్ళకు వీటిలో ఒక్కటి కూడా కొత్తది కాదు. హిట్లర్ చేతిలోంచి తప్పించుకుని వచ్చిన కొందరికి మళ్ళీ ఒక మూక ఇంటిమీదికి వస్తుందన్న భయం నిజంగానే ఉంది; ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. అయితే అలాంటి శరణార్థే అయిన సంగీతశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోవిన్‌స్కీ తలుపులు తెరవాలన్న వైపే నిలబడ్డాడు.

చివరికి రాజీ కుదిరింది. ఆ వేసవి సంగీత శిబిరానికి మాత్రం పిలవచ్చు. అలా 1944లో ఆల్మా స్టోన్ విలియమ్స్ అనే పియానో విద్వాంసురాలు వచ్చింది. నల్లజాతి పిల్లలకు వేరు బళ్ళు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పడానికి అది పదేళ్ళ ముందు. ఎవరూ ఇల్లు తగలబెట్టలేదు. మరుసటి వేసవిలో ప్రసిద్ధ గాయకుడు రోలండ్ హేస్, గాయని కరోల్ బ్రైస్ వచ్చి పాడారు, పాఠం చెప్పారు. 1946 వేసవికి చిత్రకారుడు జేకబ్ లారెన్స్‌ను ఆల్బర్స్ పిలిచాడు. దక్షిణాది నుంచి ఉత్తరానికి నల్లజాతి ప్రజల వలసను అరవై చిత్రాలుగా వేసిన లారెన్స్ అప్పటికే పేరున్నవాడు. ఆయన, భార్య గ్వెండొలిన్ నైట్ రైల్లో రావాలి. సరిహద్దు దాటగానే వాళ్ళను లేపి నల్లవాళ్ళ పెట్టెలోకి పంపుతారు. ఆ అవమానం జరగకుండా ఆల్బర్స్ వాళ్ళకోసం ఒక రైలుపెట్టెనే ప్రత్యేకంగా ఏర్పాటు చేయించాడు. ఆ వేసవంతా దంపతులిద్దరూ కాలేజి ఆవరణలోనే గడిపారు; పక్కనున్న ఆష్‌విల్ పట్టణంలోకి అడుగుపెట్టలేదు.

ఈ రైలుపెట్టె సంగతిని కళాచరిత్రలు ఆల్బర్స్ మంచితనానికి నిదర్శనంగా చెబుతాయి. మంచితనమే, సందేహం లేదు. కాని ఇద్దరికోసం ఒక పెట్టె కట్టించిన రైలు మిగతా నల్లజాతి ప్రయాణికులను ఎప్పటిలాగే వేరు పెట్టెలో మోసుకుపోయింది. ఆ బడి గొప్పతనం, పరిమితి రెండూ ఆ పెట్టెలోనే ప్రయాణించాయి. గేటు లోపల సమానత్వం ఉంది, గేటు దాటితే లేదు. గేటు దాటి పోరాడే శక్తి కొద్దిమందితో నడిచే బడికి లేదు. తర్వాత ఏళ్ళలో తలుపు తెరిచే ఉంచినా వచ్చిన నల్లజాతి విద్యార్థులు కొద్దిమందే. పట్టాకు గుర్తింపు లేని బడిలో ప్రయోగాలు చెయ్యడం, వెనక ఆస్తి ఉన్నవాడికి స్వేచ్ఛ. పట్టాతోనే బతుకు ముడిపడినవాడికి సాహసం.

1944లోనే కాలేజి చీలింది. చీలికకు దారితీసిన సంఘటన కూడా ఈ ప్రశ్న చుట్టూ తిరిగేదే. నాష్‌విల్‌లో నల్లజాతివారి ఫిస్క్ విశ్వవిద్యాలయానికి వెళ్ళివస్తూ దారినపోయే వాహనాలెక్కి ప్రయాణించిన ఇద్దరు విద్యార్థినులను పోలీసులు జైల్లో పెట్టారు. కాలేజికి చెడ్డపేరు వచ్చిందని ఒక వర్గం, ఆ పిల్లల పక్షాన ఇంకో వర్గం. బెంట్లీ, ఫోర్‌మన్, వాళ్ళతోపాటు పలువురు విద్యార్థులు వెళ్ళిపోయారు. మరుసటి ఏడు రెక్టర్ రాబర్ట్ వున్ష్‌ను స్వలింగ సంబంధం నేరం మీద అరెస్టు చేశారు. శిక్ష రద్దుపరిచి వదిలితే ఆయన వచ్చి సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. నాటకాలు ఆడించి అందరికీ ఇష్టుడైన ఆ మనిషి వెనక ఆ సమాజం నిలబడలేదు. సమష్టి జీవనం గురించి రాసేటప్పుడు ఈ నిశ్శబ్దాన్ని కూడా లెక్కలో వెయ్యాలి.

యుద్ధం తర్వాత కాలేజికి కొంత ఊపిరి వచ్చింది. దానికి కారణం ప్రతిభ కాదు, జి.ఐ. బిల్లు. సైన్యం నుంచి తిరిగివచ్చినవాళ్ళ చదువుఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది. నౌకాదళంలో పనిచేసిన టెక్సాస్ కుర్రవాడు రౌషెన్‌బర్గ్ అలా వచ్చినవాడే. రూత్ అసావా వచ్చిన దారి వేరు. జపానీ తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన రైతుబిడ్డ ఆమె. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం ఆమె కుటుంబాన్ని నిర్బంధ శిబిరంలో పెట్టింది. తర్వాత టీచరు కావాలని మిల్వాకీలో చదివితే, జపాను ముఖం ఉన్న పిల్లకు శిక్షణ కోసం ఏ బడీ దొరకదని పట్టా పూర్తికానివ్వలేదు. 1946లో ఈ కొండకు వచ్చి మూడేళ్ళు ఆల్బర్స్ దగ్గర చదివింది. 1947 వేసవిలో మెక్సికోకు వెళ్ళి అక్కడి పల్లెజనం తీగతో గుడ్లబుట్టలు అల్లే పద్ధతి చూసి నేర్చుకుంది. గాలిలో వేలాడే ఆమె తీగశిల్పాలు ఆ బుట్టలోంచి వచ్చాయి. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడి, ప్రభుత్వ బళ్ళలో పిల్లలచేత మట్టి పిసికించడానికి దశాబ్దాలపాటు పోరాడింది. 1982లో ఆమె కృషితో అక్కడ ప్రభుత్వ కళల హైస్కూలు వచ్చింది; 2010 నుంచి దానికి ఆమె పేరే. బ్లాక్ మౌంటెన్ వారసుల్లో నాకు అందరికంటె దగ్గరగా అనిపించే మనిషి ఈమె.

కీర్తి అంతా ఎక్కువగా 1948, 1952 వేసవులది. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను తొందరగా దాటిపోతాను. 1948లో ఫుల్లర్ కిటికీ తెరల పట్టీలతో గుమ్మటం కడితే అది లేవనే లేదు. మరుసటి ఏడు వేరే సామానుతో లేచింది. అదే వేసవిలో కేజ్ ఫ్రెంచి సంగీతకర్త సతీ సంగీతోత్సవం పెట్టి, బీథోవెన్ పశ్చిమ సంగీతాన్ని తప్పుదారి పట్టించాడని ఉపన్యసించి జర్మన్ శరణార్థుల ఆగ్రహానికి గురయ్యాడు. 1952 వేసవిలో భోజనశాలలో ఒకే సమయంలో ఒకరు నిచ్చెనెక్కి కవిత్వం చదవగా, ఒకరు పియానో వాయించగా, ఒకరు ప్రేక్షకుల మధ్య నర్తించగా, పైన రౌషెన్‌బర్గ్ తెల్ల కాన్వాసులు వేలాడగా ఒక కార్యక్రమం జరిగింది. చూసినవాళ్ళు తలొక రకంగా చెప్పిన ఆ సాయంత్రమే తర్వాతి 'హాపెనింగ్'లకు మూలమంటారు. ఆ ఆగస్టులోనే న్యూయార్కు రాష్ట్రంలో కేజ్ నాలుగు నిముషాల ముప్ఫైమూడు సెకన్ల మౌనరచన మొదటిసారి వినిపించారు. ఆ తెల్ల కాన్వాసులు తనకు ధైర్యమిచ్చాయని ఆయనే చెప్పుకున్నాడు.

సాహిత్య విద్యార్థులు గమనించవలసిన సంగతి దీనికి నాలుగేళ్ళ ముందుది. 1948 ఏప్రిల్‌లో కేజ్ ఆ కొండమీద వాయించిన పెద్ద పియానో రచన మన స్థాయిభావాల మీద అల్లినది. 1946లో అహమ్మదాబాదు నుంచి న్యూయార్కు వచ్చిన గీతా సారాభాయి ఆయనకు భారతీయ సంగీతం చెప్పింది. ఆయన ఆమెకు పాశ్చాత్య స్వరకల్పన చెప్పాడు. ఆనంద కుమారస్వామి పుస్తకాలు చదివి రససిద్ధాంతం తెలుసుకున్నాడు. పియానో తీగల మధ్య మరలు, బోల్టులు, రబ్బరు ముక్కలు దోపి శృంగార హాస్య కరుణాదులను, వాటన్నిటి గమ్యంగా శాంతాన్ని వినిపించాడు. భరతుడి సూత్రానికి నలుగురు వ్యాఖ్యాతల మతభేదాలు బట్టీపెట్టి పరీక్ష రాసిన మాబోటి ఎమ్మేలకు ఇది కొంచెం సిగ్గు కలిగించే వార్తే.

ఆల్బర్స్ దంపతులు 1949లో వెళ్ళిపోయారు. స్థాపకుల్లో మిగిలిన థియొడోర్ డ్రైయర్‌ను బోర్డు తప్పించడం దానికి కారణం. ధనికుల ఇళ్ళ గడపలెక్కి పదహారేళ్ళు కాలేజికి చందాలు పోగుచేసిన మనిషి ఆయన. ఆ చేతిని వదులుకున్నాక కాలేజికి మళ్ళీ అటువంటి చెయ్యి దొరకలేదు.

తర్వాతి అంకం కవులది. 1951 నుంచి చివరిదాకా కాలేజిని నడిపిన చార్లెస్ ఒల్సన్ ఆరున్నర అడుగుల మనిషి. యుద్ధకాలంలో ప్రభుత్వ సమాచారశాఖలో పనిచేసి రాజకీయాలు విడిచినవాడు. మెల్విల్ మీద 1947లో ఆయన రాసిన పుస్తకం మన విమర్శకులు చదవదగ్గది. తిమింగలాల వేటను సాహసగాథగా కాక ఒక పరిశ్రమగా, నావికుల చెమట పిండిన వ్యాపారంగా చూస్తాడు. 1950లో రాసిన 'ప్రొజెక్టివ్ వర్స్' వ్యాసంలో పద్యపాదాన్ని గణాలు కాక కవి ఊపిరి కొలవాలన్నాడు. సంగీతకారుడికి స్వరలిపి ఉన్నట్టు కవికి టైపు మిషను దొరికిందనీ, అక్షరాల మధ్య ఖాళీ ఎంత వదిలితే చదివేవాడు అంతసేపు ఆగాలనీ చెప్పాడు. రూపం వస్తువులోంచే సాగి వస్తుందన్న క్రీలీ ఆలోచనను అందులో సూత్రంగా నిలిపాడు. అంటే రూపవాదులని మనం ముద్రవేసిన ఆ కవులు చెప్పింది మన పక్షం మాటే. ఏళ్ళతరబడి పిల్లలకు యతిప్రాసలు నేర్పుతూ, ఇంటికొచ్చి వచన కవితలు చదివే నాకు ఒల్సన్ ప్రశ్న బాగా అర్థమవుతుంది. ఛందస్సు పోయింది సరే, పాదం ఎక్కడ విరగాలో ఎవరు చెబుతారు? మనలో చాలామంది కవులు దీన్ని కంపోజిటరుకు వదిలేశారు.

అయితే ఊపిరి కొలత అన్నప్పుడు ఎవరి ఊపిరి అన్న ప్రశ్న ఒల్సన్‌కు రాలేదు. ఆయన తరగతి మగవాళ్ళ సభ. ఆడపిల్లలు అంచున కూర్చున్నారని అక్కడ చదివినవాళ్ళే చెప్పారు. వింతేమిటంటే, ఆ ధోరణికి చెందిన గొప్ప కవయిత్రిగా 1960 నాటి సంకలనం లెక్కగట్టిన డెనిస్ లెవర్టావ్ ఆ కాలేజి గడప తొక్కనే లేదు. పత్రికలో రాసిందంతే.

ఆ పత్రిక 'బ్లాక్ మౌంటెన్ రివ్యూ'. 1954లో క్రీలీ సంపాదకత్వంలో మొదలైంది. అప్పటికి ఆయన స్పెయిను దేశపు మయోర్కా ద్వీపంలో ఉండేవాడు; అక్కడ అచ్చు చవక కాబట్టి తొలి సంచికలు అక్కడే అచ్చయ్యాయి. పత్రిక పెడితే ప్రచారం వచ్చి విద్యార్థులు చేరతారని కాలేజి ఆశపడింది. అచ్చువేసింది కొన్ని వందల ప్రతులు. పిల్లలెవరూ ఆ పత్రిక చూసి వచ్చి చేరలేదు. ఆ దేశపు కవిత్వం మాత్రం మారింది. కట్టలు సంచిలో వేసుకుని సభలకు తిరిగి పత్రికలమ్మినవాళ్ళకు ఈ లెక్క తెలుసు.

జి.ఐ. బిల్లు డబ్బు తగ్గిపోయింది. మెకార్తీ కాలంలో కమ్యూను వాసన ఉన్న బడికి దాతలు దొరకలేదు, ఎఫ్.బి.ఐ. వాళ్ళు వచ్చి విచారించి వెళ్ళారు. విద్యార్థుల సంఖ్య పదికి అటూ ఇటూ దిగింది. పశువులు అమ్మారు, పొలం అమ్మారు. 1941లో కట్టుకున్న భవనమున్న దిగువ ఆవరణను మగపిల్లల వేసవి శిబిరానికి ఇచ్చేశారు. జీతపు బకాయిల కోసం పాత అధ్యాపకులు కోర్టుకు వెళ్ళారు. బడి అధ్యాపకులదే అన్న సూత్రం ఇలా కూడా పూర్తయింది. 1956లో తరగతులు ఆగాయి. ఒల్సన్ ఒక్కడూ కుటుంబంతో అక్కడ ఉండిపోయి, 1957లో భూమి అమ్మకం, అప్పుల లెక్కలు చూశాడు. ఆ ఏడు శరత్కాలంలో పత్రిక ఏడో సంచిక వచ్చింది. గిన్స్‌బర్గ్, కెరువాక్, బరోస్ రచనలు అందులో ఉన్నాయి. అట్ట మీద పేరున్న కాలేజి అప్పటికి లేదు.